డిస్నీ వరల్డ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? ముందు ఏమేం వదిలేయాలో రాసుకోండి

డిస్నీ వరల్డ్ ఉండేది అమెరికాలో ఫ్లోరిడాలోని ఓర్లాండో దగ్గర. మేం ఫస్ట్ టైమ్ అక్కడికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు నాలుగు పార్కులు, పొద్దున గేటు తీసిన దగ్గర్నుంచి రాత్రి బాణసంచా దాకా అని ఎక్సెల్ షీట్ వేసుకుని మరీ వెళ్లాం. రెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకి సీన్ ఏంటంటే, చిన్నోడు స్ట్రోలర్‌లో వెనక్కి విరుచుకుని ఏడుస్తున్నాడు, పెద్దది అలిగి నేల మీద కూర్చుంది, మామయ్యగారు బెంచీ మీద షూ విప్పేసి మడమ మీద లేచిన బొబ్బని నొక్కి చూసుకుంటున్నారు, మావారు మాత్రం ఫోన్‌లో నెక్స్ట్ రైడ్‌కి ఎంతసేపు వెయిటింగో చూస్తున్నారు. షీట్ ప్రకారం మేం అప్పటికి ఇంకో మూడు రైడ్లు ఎక్కి ఉండాలి. తప్పు పూర్తిగా మాదే, అక్కడ ఉన్నవన్నీ చూసేయాలని వెళ్లాం.

రెండోసారి వెళ్లినప్పుడు సగమే చూశాం, అందరూ నవ్వుతూ తిరిగొచ్చారు. కాబట్టి నేను చెప్పే పద్ధతంతా ఒకటే, మీ గ్రూపులో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరో, అందరికంటే పొట్టిగా ఉన్నది ఎవరో ముందు చూసుకుని, వాళ్లని బట్టి ప్లాన్ వేయడం. మిగతావాళ్లు ఎలాగో సర్దుకుంటారు.

ముందు అసలు అది ఎంత పెద్దదో తెలుసుకోండి

చాలామంది డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు అనుకుంటారు. కాదండీ, అది సుమారు 40 చదరపు మైళ్లు, ఒక ఊరు అన్నమాట. అందులో నాలుగు పెద్ద పార్కులు, రెండు వాటర్ పార్కులు, షాపింగ్‌కి డిస్నీ స్ప్రింగ్స్, బోలెడు హోటళ్లు. 1971 అక్టోబర్ 1న మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది, తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో హాలీవుడ్ స్టూడియోస్ (అప్పట్లో పేరు వేరు), 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి నడిచి వెళ్లిపోదాం అనుకుంటే చాలావరకు కుదరదు, బస్సో మోనోరైలో కేబుల్ కారో ఎక్కాల్సిందే.

ఇంకో కన్ఫ్యూజన్, హ్యారీ పాటర్ ఉండేది డిస్నీలో కాదు, యూనివర్సల్‌లో, అది వేరే కంపెనీ, వేరే టికెట్. 2025 మే నెలలో యూనివర్సల్ వాళ్లు ఎపిక్ యూనివర్స్ అని కొత్త పార్కు కూడా ఓపెన్ చేశారు, దాంతో పిల్లలు రెండూ కావాలంటారు. ఒకే ట్రిప్‌లో రెండూ పెట్టాలంటే కనీసం ఏడెనిమిది రోజులు ఉండాలి, నాలుగు రోజుల లాంగ్ వీకెండ్‌లో రెండూ కలపడం అంటే మళ్లీ మా ఎక్సెల్ షీట్ కథే. ఈసారికి ఏదో ఒకటి తేల్చుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

స్కూల్ సెలవులు ఎప్పుడుంటాయో అప్పుడే రష్ ఉంటుంది, ఇందులో రహస్యం ఏం లేదు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ వారం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం, మార్చి మధ్య నుంచి ఈస్టర్ దాకా స్ప్రింగ్ బ్రేక్, థ్యాంక్స్ గివింగ్ వారం, ఈ నాలుగూ వీలైతే వదిలేయండి. పిల్లలు ఇంకా స్కూల్లో చేరని వయసైతే ఆగస్టు చివర్నుంచి సెప్టెంబర్ దాకా, లేదంటే జనవరి చివర ఫిబ్రవరి మొదట్లో వెళ్తే కాస్త ఊపిరాడుతుంది.

కానీ సెప్టెంబర్‌కి ఇంకో సంగతి ఉంది. ఫ్లోరిడాలో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అందులో ఆగస్టు చివర, సెప్టెంబర్ బాగా గట్టి నెలలు. అందుకని ఆ టైంలో వెళ్లేవాళ్లు ఫ్లైట్ టికెట్లు మార్చుకునే వీలున్నవే కొనండి. సమ్మర్‌లో అయితే మధ్యాహ్నం అయ్యేసరికి దాదాపు రోజూ ఉరుములతో వాన పడుతుంది, ఒక గంట కుమ్మేసి వెళ్లిపోతుంది. మెరుపులు దగ్గర్లో ఉంటే బయట ఉండే రైడ్లన్నీ ఆపేస్తారు, కేబుల్ కార్లు కూడా ఆపేస్తారు. ఆ గంటలో జనం సగం మంది వెళ్లిపోతారు, రెయిన్‌కోట్ వేసుకుని ఉన్నవాళ్లకి తర్వాత పండగే. రెయిన్‌కోట్లు ఇంటి దగ్గరే కొనుక్కుని పెట్టుకోండి, వాన మొదలయ్యాక పార్కులో కొంటే బిల్లు చూసి మీకే నవ్వొస్తుంది.

ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో హాలోవీన్ పార్టీ, నవంబర్ డిసెంబర్‌లో క్రిస్మస్ పార్టీ ఉంటాయి, వాటికి వేరే టికెట్. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లని సాయంత్రమే పంపించేస్తారు, అంటే మీకు రాత్రి బాణసంచా ఉండదు. బాణసంచా ముఖ్యం అనుకుంటే ఆ డేట్లు చూసి తప్పించుకోండి, రైడ్లు ముఖ్యం అనుకుంటే ఆ రోజే వెళ్లండి, ఎందుకంటే అందరూ తప్పించుకుంటారు కాబట్టి పగలు ఖాళీగా ఉంటుంది.

టికెట్లు

మూడేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిది వరకు చైల్డ్ టికెట్, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే. చైల్డ్ టికెట్‌కి పెద్దవాళ్ల టికెట్‌కి తేడా ఏమంత ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. అసలు లాభం ఎక్కడంటే చిన్నోడికి మూడో పుట్టినరోజు రాకముందే వెళ్లడం.

రేటు డేట్‌ని బట్టి, పార్కుని బట్టి మారుతుంది. ఒక్కరోజు టికెట్ సుమారు 120 డాలర్ల దగ్గర మొదలై క్రిస్మస్ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి 200 దాటిపోతుంది. రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే ఖర్చు తగ్గుతుంది, మూడు రోజుల టికెట్‌కీ నాలుగు రోజుల టికెట్‌కీ తేడా చూస్తే నాలుగో రోజు చవగ్గా పడుతుంది, అక్కడే మనం టెంప్ట్ అయిపోతాం. పార్క్ హాపర్ అని ఒకే రోజు రెండు మూడు పార్కులు తిరిగే ఆప్షన్ ఉంటుంది, చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఫ్యామిలీకి అది దండగ అని నా అభిప్రాయం. ఒక పార్కు నుంచి ఇంకోదానికి మారడానికే గంట పోతుంది, మధ్యలో స్ట్రోలర్ మడవడం, మళ్లీ సెక్యూరిటీ, మళ్లీ బాత్రూమ్.

ఒకరు వాడిన టికెట్‌లో మిగిలిన రోజులు ఇంకొకరికి ఇవ్వడం కుదరదు, గేటు దగ్గర వేలు స్కాన్ చేస్తారు. ఆన్‌లైన్‌లో ఎవరో "మావి రెండు రోజులు మిగిలాయి, చవగ్గా ఇస్తాం" అంటే కొనకండి.

ఎన్ని రోజులు? ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే నేనైతే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రెండు రోజులు, యానిమల్ కింగ్‌డమ్‌కి ఒకటి ఇస్తా, మధ్యలో ఒక రోజు ఏ పార్కూ లేకుండా హోటల్ స్విమ్మింగ్ పూల్. టీనేజ్ పిల్లలుంటే హాలీవుడ్ స్టూడియోస్, ఎప్‌కాట్ చేర్చుకోండి. హాలీవుడ్ స్టూడియోస్‌లో పెద్ద పేరున్న రైడ్లు చాలావాటికి హైట్ రూల్ ఉంది, అంటే ఇంత ఎత్తు లేకపోతే ఎక్కనివ్వరు, నాలుగేళ్ల పిల్లతో వెళ్తే టికెట్ డబ్బులు సగం వేస్ట్.

హైట్ కొలవండి, షూ వేసి కొలవండి

అందరూ చివర్లో గుర్తు చేసుకునే విషయం ఇది, నేను మాత్రం మొదట్లోనే చేయమంటా. తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పుస్తకం సమంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి టేపుతో కొలవండి. పార్కుకి ఏ షూ వేస్తారో ఆ షూతోనే. మా పెద్దదానికి జుట్టు పైకి లాగి పెద్ద పోనీ వేసి 48 అంగుళాలు ఉందని మేం లెక్కేసుకున్నాం, అక్కడ లైను మొదట్లో ఒకమ్మాయి నవ్వుతూ కొలిచే కర్ర పెట్టి, జుట్టు మెల్లగా పక్కకి నొక్కి చూస్తే అరంగుళం తక్కువ. నెల రోజుల నుంచి యూట్యూబ్‌లో ఆ రైడే చూస్తూ కూర్చుంది పాపం. అక్కడ ఎవర్నీ బతిమాలి లాభం లేదు, అది సేఫ్టీ రూలు, మనం ఇంటి దగ్గరే సరిగ్గా కొలిచి చెప్పి ఉంటే ఆ ఏడుపు ఇంట్లోనే అయిపోయేది.

మీకు పనికొచ్చేవి కొన్ని చెప్తా. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ట్రాన్‌కి 48 అంగుళాలు, స్పేస్ మౌంటెన్‌కి 44, టియానాస్ బయూ అడ్వెంచర్‌కి 40, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38. యానిమల్ కింగ్‌డమ్‌లో ఎవరెస్ట్‌కీ, అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కీ 44. హాలీవుడ్ స్టూడియోస్‌లో స్లింకీ డాగ్‌కి 38, స్టార్ వార్స్ రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌కి 40, టవర్ ఆఫ్ టెర్రర్‌కి కూడా 40. ఎప్‌కాట్‌లో గార్డియన్స్ రైడ్‌కి 42. హైట్‌తో పని లేనివి కూడా బోలెడున్నాయి, డంబో, పీటర్ పాన్, పైరేట్స్, హాంటెడ్ మాన్షన్, టాయ్ స్టోరీ మేనియా, ఎప్‌కాట్‌లో ఫ్రోజెన్, యానిమల్ కింగ్‌డమ్ సఫారీ. చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని కూడా వీటిలో వెళ్లొచ్చు.

ఒకరు ఎక్కగలిగి ఒకరు ఎక్కలేకపోతే రైడర్ స్విచ్ అని ఉంటుంది, దీనికి డబ్బులు లేవు. లైను మొదట్లో ఉన్నవాళ్లకి చెప్తే, నాన్న పెద్దదాన్ని తీసుకుని వెళ్తాడు, అమ్మ చిన్నోడితో బయట ఉంటుంది, నాన్న వచ్చాక అమ్మ మళ్లీ పెద్ద లైనులో నిలబడకుండా ఫాస్ట్ లైనులో వెళ్తుంది. పెద్దది అమ్మతో కలిసి రెండోసారి కూడా ఎక్కేయొచ్చు, మా ఇంట్లో దీనికోసమే తమ్ముడు పొట్టిగా ఉండాలని కోరుకుంటుంది.

ఎక్కడ ఉండాలి

ఇక్కడ రెండు దారులు. డిస్నీ సొంత హోటల్లో ఉంటే రోజూ ప్రతి పార్కులోకీ అందరికంటే అరగంట ముందు వదుల్తారు, పార్కింగ్ ఫ్రీ, బస్సులు ఫ్రీ, పైగా మ్యాజిక్ కింగ్‌డమ్ బస్సు నేరుగా గేటు ముందే దింపుతుంది. బయట ఉండి కారులో వెళ్తే పార్కింగ్‌కి రోజూ విడిగా డబ్బులు కట్టాలి, మ్యాజిక్ కింగ్‌డమ్‌కైతే కారు పెట్టాక మళ్లీ మోనోరైలో పడవో ఎక్కి చెరువు దాటాలి, కారు ఆపిన దగ్గర్నుంచి గేటు దాకా ముప్పావుగంట లెక్కేసుకోండి.

డిస్నీ హోటళ్లలో చవకైనవి ఆల్ స్టార్ పేరుతో ఉన్న మూడు, పాప్ సెంచురీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్. నా ఓటు పాప్ సెంచురీకి, ఎందుకంటే దాని దగ్గర స్కైలైనర్ అని కేబుల్ కారు ఉంది, ఎప్‌కాట్‌కీ హాలీవుడ్ స్టూడియోస్‌కీ గాల్లోంచి వెళ్లిపోవచ్చు, పిల్లలకి అదే ఒక రైడ్. మామూలు రూములో నలుగురే. అత్తమామలో అమ్మానాన్నో కూడా వస్తుంటే ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో ఆరుగురు పట్టే సూట్‌లు ఉన్నాయి, లేదంటే పక్క ఊరు కిసిమ్మీ వైపు కిచెన్ ఉన్న ఇల్లు అద్దెకి తీసుకోండి. పెద్దవాళ్లు బయట తిండి తినలేరు అనుకుంటే ఇల్లే బెస్ట్, పొద్దున్నే అన్నం వండి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం గొడవ ఉండదు. కానీ ఇల్లంటే కారు కావాలి, ఫ్లోరిడాలో ఐదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి కార్ సీటు తప్పనిసరి, ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రోడ్ల మీద టోల్ కూడా ఉంటుంది.

ఎయిర్‌పోర్ట్ అంటే గుర్తొచ్చింది, డిస్నీ వాళ్లు ఒకప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి ఫ్రీ బస్సు వేసేవాళ్లు, పాత వీడియోల్లో ఇప్పటికీ అదే చెప్తారు, అది 2022 జనవరి నుంచి లేదు. క్యాబో, కారో, డబ్బులిచ్చే షటిలో చూసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఉంటే డొమెస్టిక్ ఫ్లైట్‌కి కూడా వాళ్ల ఒరిజినల్ పాస్‌పోర్ట్ పెట్టుకోవడం మర్చిపోకండి.

60 రోజుల ముందు, 7 రోజుల ముందు

క్యాలెండర్‌లో రెండు అలారాలు పెట్టుకోండి. మొదటిది 60 రోజుల ముందు, రెస్టారెంట్ల కోసం. మిక్కీనో ప్రిన్సెస్సో టేబుల్ దగ్గరికి వచ్చి ఫోటో దిగే భోజనాలు ఉంటాయి కదా, అవి ముందే అయిపోతాయి. మీరు వెళ్తే ఒకటి చాలు, ఖరీదు ఎక్కువ, టైమ్ కూడా గంటన్నర తినేస్తుంది, కానీ పిల్లలు ఎండలో లైనులో నిలబడకుండా ఏసీలో కూర్చుని అందర్నీ కలిసేస్తారు. బుక్ చేసేటప్పుడే వెజిటేరియన్ అని, గుడ్డు కూడా తినరంటే అది కూడా రాయండి. మెనూల్లో ఆకు గుర్తు ఉంటే అందులో మాంసం, పాలు, గుడ్డు ఏవీ లేవని. మా ఇంట్లో అందరికీ నచ్చింది యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్, అక్కడ రకరకాల రొట్టెలు చట్నీలతో ఇస్తారు, కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. అత్తయ్యగారు ట్రిప్ మొత్తంలో కడుపునిండా తిన్నది అక్కడే. పార్కు టికెట్ కూడా అక్కర్లేదు, అందుకే ఏ పార్కూ లేని ఆ స్విమ్మింగ్ పూల్ రోజున పెట్టుకోండి.

రెండో అలారం లైట్‌నింగ్ లేన్ కోసం, అంటే డబ్బులు కట్టి చిన్న లైనులో వెళ్లడం. డిస్నీ హోటల్ వాళ్లు చెక్-ఇన్‌కి 7 రోజుల ముందు, బయటివాళ్లు పార్కుకి వెళ్లే రోజుకి 3 రోజుల ముందు, పొద్దున 7 గంటలకి ఓర్లాండో టైమ్ ప్రకారం ఓపెన్ అవుతుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు తెల్లారి 4కి లేవాలి, సారీ. ఇందులో మల్టీ పాస్ అని ఒకటి, ముందుగా మూడు రైడ్లు ఎంచుకుంటాం, ఒకటి వాడాక ఇంకోటి బుక్ చేసుకోవచ్చు. సింగిల్ పాస్ అని ఇంకోటి, బాగా డిమాండ్ ఉన్న ఒక్కో రైడ్‌కి విడిగా కొనాలి, ట్రాన్, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్, గార్డియన్స్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ లాంటివి. రేటు రోజుని బట్టి మారుతుంది, మనిషికింత అని లెక్క, కాబట్టి ఆరుగురున్న ఫ్యామిలీకి బాగానే గుచ్చుకుంటుంది. మరి కొనాలా? నా లెక్క ఇది, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒక రోజు మల్టీ పాస్ కొనండి, యానిమల్ కింగ్‌డమ్‌లో అక్కర్లేదు, పొద్దున్నే వెళ్తే చాలు. మల్టీ పాస్‌లో పీటర్ పాన్ పెట్టుకోండి, చిన్న రైడే కానీ దాని లైను మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా తరగదు. 2024 జూలైకి ముందు దీన్నే జీనీ ప్లస్ అనేవాళ్లు, ఎవరైనా ఆ పేరుతో సలహా ఇస్తే అది పాత సలహా అని గుర్తు.

వీటన్నిటికీ మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ అని ఒక ఆప్ ఉంది, ఇంట్లో అందరి టికెట్లూ ఒకే అకౌంట్‌లో కలిపి, కార్డు ఎక్కించి, రెండు ఫోన్లలో లాగిన్ అయి పెట్టుకోండి. ఒక్కరి ఫోన్‌లోనే పెడితే ఆ మనిషి బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు మిగతావాళ్లు బొమ్మల్లా నిలబడాలి. ఫోన్ చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతుంది, పవర్ బ్యాంక్ రెండు.

పార్కులో రోజు ఎలా గడపాలి

పొద్దున మొదటి గంటన్నర బంగారం. అరగంట ముందు గేటు దగ్గరుంటే, తొమ్మిదికి తీసే పార్కులో పదిన్నరకల్లా నాలుగు రైడ్లు అయిపోతాయి, అవే నాలుగు మధ్యాహ్నం ఎక్కాలంటే మూడున్నర గంటలు లైనులో ఉంటారు. అందుకని లోపలికి వెళ్లగానే, ముఖ్యంగా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సిండ్రెల్లా కోట ముందు ఫోటోలు దిగుతూ కూర్చోకండి, ఫోటోలు సాయంత్రం. అక్కడ ఫోటోగ్రాఫర్లు ఉంటారు కదా, వాళ్ల ఫోటోలు కొనక్కర్లేదు, మీ ఫోన్ ఇస్తే మీ ఫోన్‌తోనే ఫ్రీగా తీసిపెడతారు, అడగడానికి మొహమాటపడకండి.

యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ పొద్దున్నే, ఎండెక్కితే జంతువులు నీడకి పోయి పడుకుంటాయి. ఆ పార్కు మిగతావాటికంటే త్వరగా మూసేస్తారు, సాయంత్రానికి ఏదో మిగిలిందని ప్లాన్ చేయకండి.

ఒంటిగంట అయ్యేసరికి బయటకి వచ్చేయండి. ఇది చెప్తే ఎవరూ వినరు, అంత డబ్బు పోసి టికెట్ కొని హోటల్‌కి వెళ్లి పడుకోవడమేంటి అంటారు, మావారు కూడా అదే అన్నారు. కానీ ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎండ, వాన, లైన్లు, ఏడుపులు అన్నీ ఒకేసారి వస్తాయి. హోటల్‌కి వెళ్లి తిని, రెండు గంటలు పడుకుని, ఐదింటికి స్నానం చేసి మళ్లీ వెళ్తే అదే టికెట్ మీద మళ్లీ లోపలికి రావచ్చు, పిల్లలు రాత్రి పది దాకా హుషారుగా ఉంటారు. హోటల్ దూరమై వెళ్లలేకపోతే ఆ టైమ్‌లో కూర్చుని చూసే షోలు, ఏసీ ఉన్నవి పెట్టుకోండి.

స్ట్రోలర్ విషయం. ఐదారేళ్ల పిల్లలకి కూడా తీసుకెళ్లండి, ఇంటి దగ్గర మానేసి ఏడాదైనా సరే, ఎందుకంటే పార్కులో రోజుకి ఎనిమిది పది మైళ్లు నడుస్తాం. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు, లాక్కెళ్లే వ్యాగన్లు అసలు రానివ్వరు. రైడ్ ముందు స్ట్రోలర్ పెట్టి వెళ్తాం కదా, తిరిగొచ్చేసరికి అక్కడి స్టాఫ్ దాన్ని వరసలో సర్ది ఇంకో చోట పెడతారు, ఒకే రకం నల్ల స్ట్రోలర్లు అరవై ఉంటాయి. మా అత్తయ్యగారు తన పాత చున్నీ చివర చింపి హ్యాండిల్‌కి ముడేశారు, ఆరెంజ్ రంగుది, ఆ తర్వాత మేం ఒక్కసారి కూడా వెతుక్కోలేదు.

పెద్దవాళ్లు "నేను నడుస్తాలే" అంటారు, మొదటి రోజు నడుస్తారు, రెండో రోజుకి మోకాళ్లు పట్టేస్తాయి. గేటు దగ్గరే వీల్‌చైర్లు, కరెంటు స్కూటర్లు అద్దెకిస్తారు, ముందు వచ్చినవాళ్లకే, అవి అయిపోతే లేవు, కాబట్టి వెళ్లగానే తీసుకోండి. వాళ్లని ఒప్పించాలంటే "మీకోసం కాదు, బ్యాగులు పెట్టుకోవడానికి" అని చెప్పండి, మాకు పనిచేసింది.

తిండి బయటినుంచి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరవు, ఫ్రిజ్ బ్యాగులో ఐస్ వేయాలంటే విడి ఐస్ కాకుండా గడ్డకట్టే ప్యాకెట్లు వాడండి. చల్లటి నీళ్లు ఏ ఫుడ్ కౌంటర్‌లో అడిగినా గ్లాసుల్లో ఫ్రీగా ఇస్తారు, సీసాలు కొంటూ పోతే రోజుకి ముప్పై డాలర్లు నీళ్లకే. కౌంటర్‌లో భోజనం కావాలంటే పదకొండింటికే ఆప్‌లో ఆర్డర్ పెట్టి టైమ్ ఎంచుకోండి, పన్నెండున్నరకి అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. సెల్ఫీ స్టిక్ ఇంట్లో వదిలేయండి, అక్కడ వద్దంటారు.

ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, పాలివ్వడానికి, డైపర్ మార్చడానికి నిశ్శబ్దంగా చల్లగా ఉండే గదులు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కన. ఎవరైనా పిల్లలు తప్పిపోతే వాళ్లని తీసుకొచ్చేది కూడా ఇక్కడికే. పొద్దున్నే పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాసి, ఛాతీ మీద పేరు బ్యాడ్జి ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలని ఒకసారి చూపించి చెప్పండి.

రాత్రి బయటకి రావడం

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బాణసంచా అవ్వగానే వేలమంది ఒకేసారి ఒకే రోడ్డు మీదకి వస్తారు, చంకలో నిద్రపోయిన పిల్ల, చేతిలో మడిచిన స్ట్రోలర్, బస్సు లైను. ఆ తోపులాటలో పడకండి. పది నిమిషాల ముందే వెళ్లి గేటు దగ్గర్లో నిలబడి వెనక్కి తిరిగి చూస్తూ చివర్లో జారుకోవడం ఒక పద్ధతి, అక్కణ్నించి బాణసంచా బాగానే కనిపిస్తుంది కానీ కోట గోడల మీద లైట్లతో వేసే బొమ్మలు కనిపించవు. మేం చేసేది రెండోది, అయిపోయాక ఓ ముప్పావుగంట ఎక్కడో బెంచీ మీద కూర్చుని అందర్నీ బాత్రూమ్‌కి పంపించి, పెద్దవాళ్ల కాళ్లు చాపించి, డబ్బాలో మిగిలిన పులిహోర తినేసి, రోడ్డు ఖాళీ అయ్యాక బయల్దేరతాం. కారు పెట్టినవాళ్లు మోనోరైల్ లైను ఎక్కువుంటే పడవ ఎక్కండి, ఒక్కసారికి చాలామంది పడతారు, స్ట్రోలర్ మడవకుండానే ఎక్కించొచ్చు. కారు ఏ వరసలో పెట్టారో పొద్దున దిగగానే ఫోటో తీసుకున్నారు కదా? తీసుకోకపోతే, ఎన్నింటికి పార్క్ చేశారో గుర్తుంచుకుని అక్కడ పార్కింగ్ స్టాఫ్‌కి చెప్పండి, ఆ టైమ్‌కి ఏ వరస నింపుతున్నారో చూసి చెప్తారు.